కుండీలు లోపల, కుళ్ళాయప్ప బయట

ఇళ్ళు మనుషుల కోసం కట్టినారని మీకు ఎవరు చెప్పినారండీ?

ఏ శాస్త్రంలో ఉంది? ఏ జీవోలో ఉంది? ఏదో మొదట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు గాబట్టి మనం దూరి కూర్చున్నాం, అంతే! నిదానంగా ఆలోచించి చూడండి. ఇంట్లో ఉండాల్సింది మొక్కలు. బయట ఉండాల్సింది మనం. మొక్కకు కాళ్ళు లేవు. ఎండ కాస్తే నీడకు పోలేదు, చలి పెడితే ఎండకు రాలేదు. మనకేం రోగం? కాళ్ళున్నాయి, చేతులున్నాయి, కరువొస్తే బెంగుళూరికి బస్సుంది!

ఇది ఉబుసుపోక రాస్తున్న మాట కాదు. కుందుర్పి దాటి కర్ణాటక పొలిమేర దిక్కుకు పోతే నల్లరేగులపల్లె అని ఒక ఊరొస్తుంది. నాలుగైదేళ్ళ కిందట, పంతొమ్మిదివందల ఎనభై దాటిన కొత్తల్లో, ఈ సత్యం ఆ ఊళ్ళో పూర్తిగా రుజువైపోయింది. రుజువు కావడానికి సాయపడినవాడు కుళ్ళాయప్ప అనే అటెండరు. పాపం, సాయపడాలని ఆయనకేమీ లేదు. ఆయన్ను ఎవరూ అడగనూ లేదు.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

ఆ దిక్కున వరసగా చెనిక్కాయ, అదే వేరుశనగ, పంట పోయింది. విత్తనం వేయడం, మెడలు నొప్పి పుట్టేదాకా ఆకాశం దిక్కు చూడడం, చివరికి ఎండిన చెట్టు పీకి గొర్రెలకు వేయడం, ఇదే సేద్యం. అది చూసి సర్కారుకు జాలేసింది. వానను పంపించడం చేతగాక ఒక ఆఫీసరును పంపించింది. కరువును ఆయన దగ్గరుండి చూసుకోవాలన్నమాట. ఆయన చక్కగా చూసుకున్నాడు. ఊరివాళ్ళు ఆయన్ను కరువు సారు అనేవాళ్ళు, ఆ పిలుపు ఆయనకు గౌరవంగానే వినిపించేది.

ఊరి బయట బంగళా, బంగళా వెనక ఒకే ఒక్క గది. బండల మిద్దె, ఒక తలుపు, పిల్లి దూరేంత కిటికీ. అందులో కుళ్ళాయప్ప, ఆయన పెండ్లాం రామక్క కాపురం. పెండ్లయి చాలా ఏండ్లకు రామక్క నీళ్ళోసుకుంది. తొలి కానుపు పుట్టింట్లో కావాలి గదా? రామక్క పుట్టిల్లు తాళమేసుకుని బెంగుళూరికి పోయింది. వాళ్ళ నాయన అక్కడ ఎవరి మేడకో ఇటుకలు మోస్తున్నాడు, వాళ్ళమ్మ ఆ ఇటుకలకు నీళ్ళు కొడుతోంది. రాత్రికి ఆ మేడ పక్కనే గోనెపట్టల గుడిసె. కాబట్టి కానుపు ఇక్కడే అని తేలింది.

కుళ్ళాయప్ప గొంతెమ్మ కోరికలు కోరే మనిషి కాడు. కానుపు నాటికి నాలుగు గోడలు, మూసుకోవడానికి ఒక తలుపు. ఆ ఏడాది మొత్తానికీ ఆయన దేవుణ్ణి అడిగింది ఇంతే. అవి ఎట్లాగూ ఉన్నాయి గదా అనే ధైర్యంతో గట్టిగా కూడా అడగలేదు. అదే తప్పయిపోయింది.

ఎందుకంటే కరువు సారు భార్య, అమ్మగారు, ఊటీ నుంచి మొక్కలు తెచ్చింది.

అమ్మగారు చాలా మంచి మనిషి. ఇది ముందే చెప్పాల. చెడ్డవాళ్ళ వల్ల మనకు ఇన్ని కష్టాలు రావు. జిరానియం, బిగోనియా, ఫూషియా అంటూ ఒక్కోదాన్నీ పేరుతో పిలిచి, గడ్డం పట్టుకున్నట్టు ఆకు పట్టుకుని మాట్లాడేది. వాటితోపాటు ఒక లావుపాటి పుస్తకం కూడా తెచ్చింది. లండన్‌లో అచ్చయిన పుస్తకం, నిండా రంగుబొమ్మలు. మొక్కలను పెంచే పద్ధతులన్నీ నెలల వారీగా అందులో ఉన్నాయి. ఏ నెలలో ఏం చేయాలో ఉంది. ఏ ఊళ్ళో అనేది మాత్రం లేదు.

ఒకరోజు పొద్దున అమ్మగారు ఆ పుస్తకం చేతబట్టుకుని వరండాలోకి పరుగెత్తుకొచ్చింది.

"కుళ్ళాయప్పా! అక్టోబరు వచ్చేసింది!"

"వచ్చింది అమ్మగారూ."

"మొక్కలింకా బయటే ఉన్నాయి!"

"ఉండాయి అమ్మగారూ. బాగుండాయి. ఎండ తగ్గినాక ఇప్పుడిప్పుడే తేరుకుంటాండాయి."

"రేపు మంచు పడితే? గడ్డకట్టి చచ్చిపోవూ!"

మంచుగడ్డ అంటే కుళ్ళాయప్పకు తెలిసింది తిరనాళ్ళలో ఐసుఫ్రూటు బండి ఒక్కటే. "పైనుంచి పడ్తాదా అమ్మగారూ?" అని ఆకాశం దిక్కు చూసినాడు. నీళ్ళే పడక మూడేండ్లయింది, ఏకంగా ఐసు పడుతుందంటే ఆయన ముఖం వెలిగిపోయింది. "పడనీండి అమ్మగారూ! కరిగితే నీళ్ళన్నా అయితాది గదా!"

అమ్మగారికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఇంత రాతిగుండె మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

సరే, మొక్కలను లోపల పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? బంగళాలో పెడితే ఎర్రగచ్చు మరకలు పడుతుంది. ఆఫీసు గదిలో పెడితే కరువు ఫైళ్ళకు చెమ్మ తగులుతుంది. చిన్న గదై ఉండాలి, చీకటిగా ఉండాలి, గాలి చొరబడకూడదు అని పుస్తకం చెప్పింది. లండన్‌లో కూర్చున్నవాడికి నల్లరేగులపల్లెలో కుళ్ళాయప్ప గది ఎట్ల తెలిసిందో గానీ, అచ్చు దాని గురించే రాసినాడు!

సాయంత్రానికల్లా రామక్క పొయ్యి, చాప, ఉట్టి, రెండు సత్తు గిన్నెలు బయటికొచ్చినాయి. కుండీలు లోపలికి పోయినాయి. తలుపు మీద బోర్డు కూడా రాయించినారు: "శీతాకాల మొక్కల రక్షణ గది. ఇతరులకు ప్రవేశం లేదు." కుళ్ళాయప్ప వెనకగోడకు ఒక తడిక వాలుగా నిలబెట్టి, దానికింద కాపురం పెట్టినాడు. చదువు లేదు గాబట్టి బోర్డులో ఏముందో ఆయనకు తెలియదు. ఎవరినో అడిగితే చదివి చెప్పినారు. "ఇతరులు అంటే ఎవురు?" అని అడిగినాడు. "నువ్వే" అన్నారు.

ధైర్యం చేసి కరువు సారు దగ్గరికి పోయినాడు.

"సార్, మా ఇంటిదానికి నెలలు నిండుతాండాయి సార్."

"సంతోషం!"

"బయట గాలి జాస్తిగా ఉండాది సార్. తడిక నిలవడం లేదు."

సారు కుర్చీలో వెనక్కి వాలి, ఎంతో ఓపిగ్గా చెప్పినాడు. "చూడు కుళ్ళాయప్పా, మనిషనేవాడు ఎక్కడైనా బతుకుతాడు. ఎడారిలో బతుకుతాడు, అడవిలో బతుకుతాడు. జిరానియం అట్లా కాదు, చాలా సెన్సిటివ్. నీకు ఆ మాత్రం జాలి లేకపోతే ఎట్లా?"

కుళ్ళాయప్పకు సిగ్గేసింది. జిరానియం మీద జాలి లేనందుకు తనను తానే తిట్టుకుంటూ తడిక కిందికి పోయినాడు. అక్కడ రామక్క నడుం పట్టుకుని కూర్చోనుండాది. ఆమెను చూసినాక సారు మీద కోపమొచ్చింది. చెప్పడానికి ఎవరూ లేరు గాబట్టి అది అట్లే ఉండిపోయింది.

అసలు ఇప్పుడే కథలోకి చిన్నక్క వస్తుంది. కుళ్ళాయప్పకు మేనత్త. ఆ చుట్టుపక్కల సగం ఊరు ఆమె చేతుల మీదుగానే భూమ్మీద పడింది. మంత్రసాని. ఆమె గట్టిగా మాట్లాడితే కడుపులో బిడ్డకు కూడా వినిపిస్తుందని పేరు. కోడలి నెలలు ఎట్లుండాయో చూసిపోదామని వచ్చి, తడిక చూసి, మూసిన తలుపు చూసి, "రే కుళ్ళాయీ, లోపల ఎవురుండారు రా?" అనింది.

కుళ్ళాయప్పకు మొక్కల పేర్లు నోరు తిరగవు. అందుకని వాళ్ళ సంగతి మాత్రం చెప్పినాడు. "ఎవురో అమ్మగారివాళ్ళు లేత్తా. ఊటీ నుంచి వచ్చినారు. శానా నాజూకంట. చలిగాలి తగలగూడదంట. చీకటి గదిలోనే ఉండాలంట. నీళ్ళు ఎక్కువ ఇయ్యగూడదంట. ఎవురూ ముట్టుకోగూడదంట. కప్పి పెట్టాలంట."

చిన్నక్క చెంపలేసుకుంది. "అయ్యో, బాలింతలు! ముందే చెప్పి సావగూడదా? ఎంతమంది?"

మొక్కలని తర్వాత తెలిసినా చిన్నక్క వెనక్కి తగ్గలేదు. బాలింతకు ఏమి చేయాలో ఆ సీమలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. తలుపు మూయాల, కుంపటి పెట్టాల, గాలి తగలకుండా చెవులకు గుడ్డ కట్టాల, కాచిన నీళ్ళు గుక్కెడే ఇయ్యాల. అమ్మగారు చెప్పింది కూడా అదే గదా! "మొక్కయితేనేం, ఆడదయితేనేం, నాజూకు నాజూకే" అనేసి చిన్నక్క నడుం బిగించింది.

ఆరోజు నుంచి ఆ గది వైభోగం చూడాల్సిందే! గడపకు వేపమండలు కట్టినారు. దిష్టికి చీపురు, పాతచెప్పు, మూలన ఒక కొడవలి. పొద్దున, సాయంత్రం సాంబ్రాణి పొగ. గొర్రెల కాపరుల దగ్గర కంబళ్ళు తెప్పించి, కుండీకొకటి చుట్టినారు. ఆ ఏడు ఊళ్ళో కంబళి దొరక్క ముసలోళ్ళు గోనెపట్టలు కప్పుకున్నారు గానీ, జిరానియం మాత్రం మెడదాకా కంబళి కప్పుకుని కుంపటి దగ్గర కూర్చుంది. కుండీ మట్టిలో చిటికెడు శొంఠి, చిటికెడు వాము. ఫూషియాకు కడుపుబ్బరం ఉన్నట్టుందని చిన్నక్క తెల్లగడ్డ కారం కూడా పెట్టబోతే కుళ్ళాయప్ప కాళ్ళు పట్టుకుని ఆపినాడు.

అమ్మగారు వచ్చి చూసింది. కుళ్ళాయప్ప కొలువు పోయిందనే అనుకున్నాడు. అమ్మగారు పుస్తకం తెరిచి, గదిలోకి చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూసింది. పొగ పెట్టమని ఉంది. గోనెగానీ కంబళిగానీ చుట్టమని ఉంది. వెచ్చదనం ఉండాలని ఉంది. "అద్భుతం! ఈ పెద్దావిడ ఎక్కడ ట్రెయినింగ్ అయ్యింది?" అని అడిగింది.

లండన్‌కూ చిన్నక్కకూ అభిప్రాయభేదమే లేదు. గదిలో చలి లేదనే సంగతి ఒక్కటే ఇద్దరికీ తోచలేదు.

పది రోజులు తిరగకముందే ఆకులన్నీ రాలిపోయినాయి. కుళ్ళాయప్ప రాలిన ఆకులు దోసిట్లోకి ఎత్తుకున్నాడు. పోయి అమ్మగారికి చూపించినాడు.

"రాలాలి!" అనింది అమ్మగారు సంతోషంగా. "అవి నిద్రపోతున్నాయి. వసంతంలో లేస్తాయి."

"నిద్రకూ సావుకూ తేడా ఎట్ల తెలుస్తాది అమ్మగారూ?"

"లేచినప్పుడు తెలుస్తుంది."

ఎంత గొప్ప మాటండీ! మన జిల్లాకు రావాల్సిన కాలువలు, రైళ్ళు, ఫ్యాక్టరీలు అన్నీ చచ్చిపోయినాయని మీరూ నేనూ తొందరపడి ఏడుస్తున్నాం. ఛీ ఛీ! నిద్రపోతున్నాయి. లేచినప్పుడు తెలుస్తుంది!

నిద్రపోతున్నవాళ్ళ పక్కన గలాటా చేయకూడదు గదా? కుళ్ళాయప్ప కోడిపుంజును పొరుగూరికి సాగనంపినారు. సారు జీపును స్టార్ట్ చేయకుండా రోడ్డు మలుపుదాకా తోసుకుపోయి అక్కడ స్టార్ట్ చేసేవాళ్ళు. బళ్ళో పిల్లలకు ఎక్కాలు మనసులో చదువుకోమని చెప్పినారు. శనివారం భజన చేసేవాళ్ళను తాళాలు తట్టకుండా, గొంతెత్తకుండా భజన చేయమన్నారు. వాళ్ళు నోళ్ళు తెరిచి మూస్తూ ఒక వారం చేసి, దేవుడికి వినిపించిందో లేదో తెలియక మానుకున్నారు.

ఇక మంచు సంగతి. కరువు సారు శాస్త్రీయమైన మనిషి. పొద్దుగూకగానే ఒక పింగాణీ ప్లేటు ఆరుబయట పెట్టించి, తెల్లారగానే కుళ్ళాయప్పతో తెప్పించుకునేవాడు.

"పడిందా?"

"లేదు సార్. దుమ్ము పడింది."

"రేపు పడవచ్చు. అలర్ట్‌గా ఉండు."

ఒకరోజు దుమ్ము, ఒకరోజు వేపాకు, ఒకరోజు పిచ్చుక రెట్ట. ఆ తెల్లటిది చూసి సారు ఒక్క క్షణం లేచి నిలబడినాడు కూడా. వాన కోసం చూసి చూసి ఊరికి అలవాటే, సారు పుణ్యాన ఇంకొకదానికోసం చూడడం కూడా నేర్చుకుంది. పొద్దున్నే రచ్చబండ దగ్గర "ఏమప్పా, ఈపొద్దన్నా పడిందా?" అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు.

ఇట్లా ఉండగా డిసెంబరు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురు. కరువును ఎట్ల చూసుకుంటున్నారో చూడడానికి. చూపించడానికి సారు దగ్గర ఏముంది? ఎండిన చేన్లు చూపిస్తే బాగుండదు. అందుకని మొక్కల గది చూపిద్దామనుకున్నారు. గోడలకు సున్నం కొట్టించి, తలుపు తాళం తీసిపెట్టి, అమ్మగారు, సారు ఎదురు పోయినారు.

సరిగ్గా ఆ పొద్దే, ఎండ నెత్తికెక్కే వేళకు, రాత్రి నుంచి ఓర్చుకుంటున్న రామక్కకు తడిక కింద నొప్పులు ముదిరినాయి. ఉత్తరపు గాలి తడికను ఎత్తి అవతల పారేయబోయింది. కుళ్ళాయప్ప ఒక చేత్తో తడిక, ఒక చేత్తో పెండ్లాన్ని పట్టుకుని, ఏది వదలాలో తెలియక నిలబడినాడు.

"అత్తా! ఏం చేయాలత్తా?"

"తలుపు తీసే ఉండాది కదరా, సన్నాసీ!" అనింది చిన్నక్క.

"బోర్డు ఉండాది గదత్తా! ఇతరులు పోగూడదంట!"

"నాకు సదువు రాదు, నీకూ రాదు. పట్టు అట్లా!"

ఇద్దరూ కలిసి రామక్కను గదిలోకి చేర్చినారు. లోపల అన్నీ సిద్ధంగా ఉన్నాయి! కుంపటి ఉంది, కాగిన నీళ్ళున్నాయి, సాంబ్రాణి ఉంది, వేపమండలున్నాయి, కంబళ్ళున్నాయి. ఆ సీమలో ఇంత ఏర్పాటుగా ఏ జమీందారు బిడ్డకూ కానుపు జరిగుండదు. కుండీల వరస చివర చాప పరిచి రామక్కను పడుకోబెట్టి, ఒక జిరానియం దగ్గర కంబళి లాక్కుని ఆమెకు కప్పింది చిన్నక్క. "నువ్వు బయట ఉండు. ఎవుర్నీ రానీయొద్దు" అని కుళ్ళాయప్పను నెట్టి తలుపు మూసింది.

అప్పుడే జీపు వచ్చింది.

పెద్ద ఆఫీసరు మంచి పొడుగు మనిషి. కిటికీ దగ్గర వంగి లోపలికి చూసినాడు. పొగ, చీకటి, కంబళ్ళు చుట్టుకుని వరసగా ఆకారాలు. కరువు సారు చేతులు కట్టుకుని వివరించినాడు. "ఇది జిరానియం సార్. ఇది బిగోనియా. అన్నీ గాఢనిద్రలో ఉన్నాయి సార్."

"ఆ చివరిది పెద్దగా ఉందే! అదేం మొక్క?"

సారుకు తెలియదు. అమ్మగారి దిక్కు చూసినాడు. అమ్మగారు పుస్తకం తిప్పసాగింది. అందరూ చివరికి కుళ్ళాయప్ప దిక్కు చూసినారు. కుళ్ళాయప్ప తలుపుకు అడ్డం జరిగినాడు. అబద్ధం చెప్పడం రాదు, నిజం చెబితే పెండ్లాన్ని ఆ నొప్పుల్లో బయటికి ఈడ్పిస్తారేమోనని భయం.

"మన నాటుదే సార్" అన్నాడు.

"పేరేమిటి?"

"కడుపులో ఉండేదానికి ఇంకా పెట్టలేదు సార్."

ఆ మాట అర్థం చేసుకునే లోపలే గదిలోనుంచి కేర్‌మని ఏడుపు వినిపించింది. పెద్ద ఆఫీసరు ఎగిరి వెనక్కి పడబోయినాడు. "మొక్క ఏడుస్తోందేమిటయ్యా!"

తలుపు కొంచెం తెరుచుకుంది. చిన్నక్క తల బయటికి పెట్టి, ఎదురుగా ఉన్నది హైదరాబాదా ఢిల్లీనా అని చూడకుండా అరిచింది. "ఆడపిల్ల! తల్లీబిడ్డా బాగుండారు. యాడోళ్ళు ఆడ నిలబడుకోండప్పా! గాలి తగుల్తాది!"

అంతే, తలుపు మూసుకుంది. జిల్లాను పాలించేవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేసినారు. కుళ్ళాయప్ప మాత్రం ఉన్నచోటే కూలబడి, టవలు మొహానికి అడ్డం పెట్టుకుని, గట్టిగా ఏడ్చినాడు. మొక్కలు లేస్తాయనే భయం కూడా ఆయనకు లేకపోయింది.

ఇప్పుడేం చేయాలి? రక్షణ గదిలో మనిషి కానుపయిందని పైకి తెలిస్తే పరువు పోతుంది. పచ్చి బాలింతను బయటికి తోసినారని తెలిస్తే ఇంకా పోతుంది. పెద్ద ఆఫీసరు కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. పెద్ద ఆఫీసర్లు ఊరికే కారండీ!

"ఈ మొక్కలకు రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నారా?" అని అడిగినాడు.

"లేరు సార్."

"ఎంత నిర్లక్ష్యం! ఈ బాలింతను పెట్టండి. గదిలో మొక్క ఉన్నంతకాలం ఈమె కూడా ఉండొచ్చు. ఇది నా ఆర్డరు."

ఆ విధంగా కుళ్ళాయప్ప కాపురం సొంత గదిలోకి తిరిగి వచ్చింది, మొక్కలకు తోడుగా. పోయేముందు పెద్ద ఆఫీసరు కరువు సారును అందరి ఎదుటా మెచ్చుకున్నాడు. ఆ జిల్లాలో ఆ ఏడు మంచు వల్ల ఒక్క ప్రాణమూ పోలేదట. నిజమే గదా! ఎవరు కాదనగలరు?

పేరు పెట్టేరోజు చిన్నక్క బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "ఏం పేరే?" అని అడిగింది. రామక్క తన తలాపున ఉన్న కుండీ దిక్కు చూసి, "ఎవురి కంబళి కప్పుకుని పుట్టిందో వాళ్ళ పేరే పెడదామత్తా" అనింది. జిరానమ్మ. రోజూ జిరానమ్మకు లాల పోసిన నీళ్ళు ఆ కుండీలోనే పోసేవాళ్ళు. ఆ నీళ్ళకేనేమో, దానికి రెండాకులు కూడా వచ్చినాయి.

మార్చి ఆఖరున అమ్మగారు పుస్తకం తీసుకుని వచ్చింది. "వసంతం వచ్చింది! అన్నింటినీ ఎండలో పెట్టాలి. లేపాలి!"

వసంతమంటే లండన్‌లో ఎట్లుంటుందో నాకు తెలియదు. మన దగ్గర ఆ నెలలో బండ మీద అప్పడం పెడితే వేగుతుంది. కుండీలను పొద్దున బయట పెట్టినారు. మధ్యాహ్నానికి వాటిని ముట్టుకుంటే పొడి రాలింది. అమ్మగారు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలాగా ఏడ్చింది. రామక్కే పోయి మజ్జిగ ఇచ్చి, వీపు నిమిరి ఊరడించింది. ఇన్ని నెలలు చలి నుంచి కాపాడుకున్న ప్రాణాలు గదా! ఎండ నుంచి ఎట్ల కాపాడాలో ఆ పుస్తకంలో ఒక్క పేజీ లేదు.

ఒక్క కుండీ మాత్రం బయటికి రాలేదు. తలాపున ఉన్న జిరానియం. "ఇది ఇంకా పూర్తిగా లెయ్యలేదు అమ్మగారూ, పండుకోనీండి" అని రామక్క తలుపుకు అడ్డంగా నిలబడింది. మొక్క ఉన్నంతకాలమే గది అని పెద్ద సారు చెప్పిన మాట కుళ్ళాయప్ప మరిచిపోయినా ఆమె మరిచిపోలేదు.

మే నెలలో బావి అడుగంటింది. ట్యాంకరు రావడం మానేసింది. బిడ్డకు లాల పోయడానికే నీళ్ళు లేవు. ఒకరోజు కుళ్ళాయప్ప ఇంటికొచ్చేసరికి కుండీలో రెండాకులూ లేవు, ఎండుపుల్ల ఒకటి నిలబడి ఉంది. చేత్తో తాకితే పుటుక్కుమనింది.

"అయిపాయ! గది పాయ! ఇది సచ్చిపాయ గదమ్మే!" అని తల బాదుకున్నాడు.

రామక్క బిడ్డను చంకనుంచి దించి, మూలనున్న కంబళి తీసి, కుండీకి మెడదాకా చుట్టింది. "సచ్చిపోయిందని నీకెవురు చెప్పినారప్పా? నిద్రపోతాంది."

ఆ తర్వాత కరువు సారుకు బదిలీ అయింది. అమ్మగారు పుస్తకం తీసుకుని పోయింది. కరువు మాత్రం ఉండిపోయింది. ఒక కొత్త సారు వచ్చినాడు. ఆయనతోపాటే ఒక లారీ నిండా వానకోట్లు వచ్చినాయి. ఎక్కడో వరదలకు పంపించాల్సినవి, పొరపాటున ఈ పక్కకు వచ్చినాయి. వాటిని దాచడానికి గది కావాలి. కొత్త సారు చేతిలో టేపు పట్టుకుని గదికి వచ్చి, గడప దగ్గరనుంచే గట్టిగా, "ఇది మొక్కల గదంట గదా! ఏదమ్మా మొక్క? ఖాళీ చేయండి!" అన్నాడు.

రామక్క నోటిమీద వేలు పెట్టుకుంది. "మెల్లగా సార్! పండుకోనుండాది."

సారు లోపలికి వంగి చూసినాడు. శుభ్రంగా ఊడ్చిన మూలలో ముగ్గు, ముగ్గు మీద కుండీ, కుండీకి కంబళి, కంబళిలోనుంచి ఎండుపుల్ల. "ఇది వట్టి కట్టె కదమ్మా!"

"ఊటీది సార్. శానా నాజూకు. పెద్ద సారు ఆర్డరు ఉండాది" అన్నాడు కుళ్ళాయప్ప. కుండీ వెనకాల జిరానమ్మ నిజంగానే నిద్రపోతోంది.

ఇప్పుడు చెప్పండి! మనిషిగా అడిగితే ఎవరిచ్చినారు ఆ గది? ఆ ఎండుపుల్లే లేకపోతే కుళ్ళాయప్ప కాపురం ఇప్పటికీ తడిక కిందే ఉండేది. అందుకే చెబుతున్నా, మీరూ ఒక కుండీ సంపాదించుకోండి. ముందు దాన్ని లోపల పెట్టండి. తర్వాత మీ సంగతి చూసుకోవచ్చు.

కొత్త సారు ఆ పుల్లను కొంతసేపు చూసినాడు. తెలియకుండానే ఆయన గొంతు తగ్గింది.

"ఎప్పుడు లేస్తుందమ్మా?"

"వానొస్తే లేస్తాది సార్" అనింది రామక్క.

సారు వెనక్కి తిరిగి ఆకాశం దిక్కు చూసినాడు. టేపు జేబులో పెట్టుకుని, చెప్పుల చప్పుడు కాకుండా బయటికి నడిచి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి పోయినాడు.